రాహు కాడ

రంగూన్‌లో నేను ఉన్నది ఏడు రోజులు. ఎనభైల మొదట్లో బయటివాళ్ళని అంతకు మించి ఉండనిచ్చేవారు కాదు. పని మీద బాంకాక్ వెళ్తూ, విమానం ఎలాగూ మధ్యలో రంగూన్ విమానాశ్రయం మింగళాడోన్‌లో దిగుతుంది గనక, ఆ ఏడు రోజులూ అడిగి పుచ్చుకున్నాను. పత్రికలవాళ్ళకి వీసా దొరకదని తెలిసినవాళ్ళు చెప్పారు. వృత్తి అన్న గడిలో గుమాస్తా అని రాశాను. అదేమంత పెద్ద అబద్ధం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

ఊరు చూడాలన్న కోరిక లేకపోలేదు గాని, నేను అక్కడ దిగింది ఒక తిథి కోసం.

మా ప్రెస్సులో కంపోజింగు ఫోర్‌మన్‌గా ఒక పెద్దాయన ఉండేవాడు. పుట్టింది రంగూన్‌లోనే. తాతల కాలంలో గంజాం వైపు నుంచి రేవు పనికి వెళ్ళిన కుటుంబం. అక్కడ సైన్యం పరిపాలనకి వచ్చి, దుకాణాలూ కంపెనీలూ ప్రభుత్వం చేతిలోకి తీసుకున్నాక, ఆయన భార్యాపిల్లల్తో ఓడెక్కి విశాఖపట్నం వచ్చేశాడు. తల్లి రానంది. అల్లుడికి రేవులో పని, ఆ కూతురి దగ్గరే ఉండిపోయింది. కొన్నేళ్ళ తరవాత అటునుంచి వచ్చిన మనిషి ఒకడు, మీ అమ్మ పోయిందట అని చెప్పాడు. ఎప్పుడని అడిగితే గుర్తు లేదన్నాడు. చెల్లెలికి ఉత్తరాలు రాస్తే జవాబు రాలేదు. పోయిన తిథి తెలియనివాళ్ళకి మహాలయ అమావాస్య నాడు పెట్టమని పంతులుగారు చెబితే, ఆయన ఏటేటా అలాగే పెడుతున్నాడు.

నేను బయల్దేరుతున్నానని తెలిసి మేడ మెట్ల మీద నన్ను ఆపాడు.

"మా యమ్మ దిక్కులేనోల్ల బంతిలో కూకుని తినీ మనిషి కాదు బాబూ. ఆవిడకంటూ ఓ రోజుంటాది. మా సెల్లికి తెలుస్తాది. అదొక్కటీ కనుక్కుని రండి. ఇంకేటీ తేవొద్దు."

చెల్లెలి పాత చిరునామా, తప్పులు దిద్దేసిన ఒక గాలీ ప్రూఫు కాగితం వెనక రాసి ఇచ్చాడు.

విదేశీయుల్ని దిగనిచ్చే చవక బసలు ఆ ఊళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నాకు దొరికింది రేవుకి నాలుగు వీధుల ఇవతల, తెల్లవాళ్ళ కాలంలో కట్టిన మూడంతస్తుల మేడ. లిఫ్టు ఉంది గాని అందులో పరుపులు పేర్చి పెట్టారు. మెట్ల కింద చెప్పులు విడవాలి. పెద్ద హాలుని చెక్కలతో గదులుగా విడగొట్టారు. ఆ చెక్కలు పైకప్పుకి గజం కింద ఆగిపోతాయి. నా గదికీ పక్కదానికీ కలిపి ఒకటే బల్బు, చెక్క మీద వేలాడుతుంది. దాని స్విచ్చి పక్క గదిలో ఉంది. ఆ గదిలో ఒక జపాను విద్యార్థి ఉండేవాడు. నాకు దీపం కావలసినప్పుడు చెక్క మీద ఒకసారి తట్టాలి, ఆర్పాలంటే రెండుసార్లు. ఈ ఒప్పందం మా ఇద్దరి మధ్య మాటల్లేకుండా మొదటి సాయంత్రమే కుదిరింది. ఆ ఊళ్ళో నాకు స్పష్టంగా అర్థమైన ఏర్పాటు అదొక్కటే.

మిగతావన్నీ అయోమయంగానే ఉండేవి. స్నానాల గది గోడకి బర్మా లిపిలో పెద్ద నోటీసు ఒకటి ఉండేది. అదేమిటని అడిగితే మొదటి రోజు, అది మీకు కాదన్నారు. మూడో రోజు అడిగితే, అది మీకేనన్నారు. ఏం రాసుందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

దిగిన శుక్రవారం నాడు కౌంటరు దగ్గర నిలబడి, కార్బన్ కాగితాలు పెట్టి నా వివరాలు నింపుతూ, "ఐదు కాపీలా!" అని నాలో నేను గొణుక్కున్నాను.

"ఆరు. ఒకటి మాకు," అంది కౌంటరులో ఆవిడ, తలెత్తకుండా, తెలుగులో.

నేను కలం ఆపేశాను. యాభై దాటిన మనిషి. పూల లుంగీ, తెల్ల రవిక, ముడిలో దువ్వెన. చూస్తే బర్మా మనిషే. 

"ఏ ఊరు బావూ తమది?"

"విశాఖపట్నం."

"మా తాతది బారువ. నేను సూడనేదు. ఏ వారం పుట్టారు?"

పాస్‌పోర్టులో పుట్టినరోజు ఉంది కదా అన్నాను.

"తేదీ కాదు, వారం. ఇక్కడ ఎవులైనా ముందు వారం అడుగుతారు."

నాకు వారం తెలియదు. నక్షత్రం తెలుసు, చెప్పాను.

"మీ నక్షత్రాలు ఇక్కడ పని సెయ్యవు," అని ఆవిడ పాస్‌పోర్టు సొరుగులో వేసుకుంది. "కూకోండి, తనఖా రాసుకుని ఇప్పుడే వత్తాను."

ఆవిడ లోపలికి వెళ్ళిన పది నిమిషాలూ, పొద్దున్నే పాపం ఏం తాకట్టు పెడుతోందో, ఎవరికి పెడుతోందో అని నేను బెంగపడ్డాను. తిరిగి వచ్చేసరికి రెండు బుగ్గల మీదా పచ్చగా, గంధం లాంటి పూత. చెట్టు బెరడు సాన మీద అరగదీసి రాసుకునే ఆ పూతనే వాళ్ళు తనఖా అంటారని మర్నాడు గాని తెలియలేదు. ఆవిడది తెలుగే, నాదీ తెలుగే. కాని అందులో ఏ మాట ఎటు పోతుందో నాకు పట్టు చిక్కలేదు.

హాల్లో బెత్తు కుర్చీలో ఎప్పుడూ ఒకాయన కూర్చుని ఉండేవాడు. చేతిలో పేపరు. పేపరు పేజీ చదవడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆయన పొద్దున్న తెరిచిన పేజీ మధ్యాహ్నం దాకా తిప్పేవాడు కాదు. కౌంటరు ఆవిడ ఆయన్ని "ఊలే" అని, అంటే బాబాయిగారూ అని, పిలిచి టీ ఇచ్చేది. ఆయన హాల్లో ఉన్నంతసేపూ నాతో రెండు ముక్కలకి మించి మాట్లాడేది కాదు. ఆ రెండూ తువ్వాళ్ళు లెక్కపెడుతూనో, తాళంచెవి అందిస్తూనో అనేది.

శనివారం నాడు ప్రూఫు కాగితం పట్టుకుని చిరునామా వెతుక్కుంటూ వెళ్ళాను. వీధి ఉంది. మేడ ఉంది. మూడో అంతస్తులో తలుపు తీసిన బర్మా దంపతులు నన్ను చూసి, నా కాగితం చూసి, ఒకరితో ఒకరు ఏదో అనుకుని మర్యాదగా తలుపు వేసేశారు. కింద కిళ్ళీ కొట్టతను మాత్రం నది వైపు చెయ్యి చూపించి, పడవ వేస్తున్నట్టు చేతులు ఆడించాడు. వెళ్ళిపోయారన్నాడో, వెళ్ళి పడవ ఎక్కమన్నాడో తెలియక తిరిగి వచ్చేశాను.

కౌంటరు ఆవిడకి చెప్పబోతే, "ఇక్కడ కాదు. పైకెల్లండి. దుప్పటి మార్సడానికి నేనే వత్తాను," అంది తువ్వాళ్ళ వైపు చూస్తూ.

పైకి వచ్చి, మంచం మీద దుప్పటి లాగేస్తూ అంతా విని, ఆగి అడిగింది. "తమరు పోలీసోల్లకి రాసీ మనిషి కాదు గదా?"

"నేను గుమాస్తానండి."

"గుమాస్తాలే గదా రాసేది!" అంది. కాని కాసేపటికి నమ్మినట్టుంది. "ఆవిడ మొగుడు రేవులో పని సేసేవోడన్నారు గదా. రేవు పనోల్లు శానామంది అవుతలి గట్టుకి ఎల్లిపోనారు, దలాకి. మా దుప్పట్లు ఉతికీ ఆవిడ అక్కడి నించే వత్తాది. ఆవిడా మనోల్లే. అడిగిస్తాను."

"నేనే దలా వెళ్ళి అడుగుతాను. పడవలో పది నిమిషాలే కదా."

"మీకు టిక్కెట్టు ఇవ్వరు. ఇచ్చినా, దిగాక మీరు ఎవులింట్లో కూకుంటే ఆ ఇంటోల్లకి తిప్పలు. కబురేటో సెప్పండి."

"అన్నగారు పంపిన మనిషి వచ్చాడని చెప్పించండి. అమ్మగారి తిథి గురించి అని."

"తిథి గురించా," అని ఆవిడ దుప్పటి చివర పరుపు కిందికి తోసింది. ఇంకేమీ అడగలేదు.

ఆదివారం ఉతికే ఆవిడ రాదు. ఆ రోజు నేను వీధులన్నీ తిరిగాను. తెలుగు వాళ్ళ గుడి దగ్గర కాసేపు నిలబడ్డాను. అక్కడి కుర్రకారు నా మాట అర్థం చేసుకున్నారు గాని జవాబు బర్మా భాషలో చెప్పారు. సోమవారం సాయంత్రం తాళంచెవి అందుకోబోతుంటే కౌంటరు ఆవిడ, బెత్తు కుర్చీ వైపు చూడకుండా, గబగబా ఒక్క ముక్క అంది.

"దొరికినాది. రేపు సూలే ఫయా. రాహుకాడుంటాదట."

సూలే ఫయా అంటే ఊరి నడిమధ్య ఉన్న బంగారు పగోడా. అది తెలుసు. రెండో ముక్క నాకు "రాహుకాలంలో ఉంటుందట" అని వినిపించింది. ఇందులో నా చెవిని తప్పు పట్టలేను. మా పత్రికలో పంచాంగం గడి ఆరేళ్ళు దిద్దిన చెవి అది. రాహు అన్న రెండక్షరాలు పడగానే మిగతాది అదే నింపుకుంది. మంగళవారం మూడు నుంచి నాలుగున్నర. ఏడు రోజుల పట్టికా నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది.

గదిలో కూర్చుని ఆలోచించాను. ఎవరైనా రాహుకాలం చూసి పనులు మానుకుంటారు గాని, రాహుకాలంలోనే రమ్మంటారా? తల్లి తిథి చెప్పడానికి అది మరీ కూడని వేళ. ఆ వేళకి మనవాళ్ళెవరూ బయట తిరగరు, కాబట్టి ఎవరి కంటా పడకుండా ఉంటుందని అనుకుందేమో. అలా సర్దిచెప్పుకున్నాక ఇంకో సంగతి తోచింది. రంగూన్ గడియారం మనకంటే గంట ముందుంటుంది. ఈ ఊరి రాహువు ఏ గడియారం చూసుకుంటాడు? ఎందుకైనా మంచిదని రెండు లెక్కలకీ సరిపోయేలా రెండింటికే వెళ్ళి, ఆరు దాటేదాకా ఉందామని నిశ్చయించుకున్నాను.

అలాగే ఉన్నాను. తూర్పు ద్వారం దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చే ప్రతి నడివయసు ఆడమనిషి మొహంలోనూ మా ఫోర్‌మన్ నుదురు వెతికాను. ఒకరిద్దరు నా చూపుకి విసుక్కుని పక్కకి తిరిగారు. నాలుగున్నర అయింది, ఐదున్నర అయింది. ఎవరూ నన్ను పలకరించలేదు.

లాడ్జీకి వచ్చేసరికి కౌంటరు ఆవిడ దుప్పటి చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర సిద్ధంగా ఉంది. గదిలోకి వచ్చి తలుపు మూసింది.

"ఎక్కడికి పోనారు తమరు?"

"పగోడాకే వెళ్ళాను. రెండింటి నుంచి ఆరు దాకా అక్కడే ఉన్నాను."

"రొండింటికా! పాపం ఆ మనిషి పొద్దున్న ఏడింటికి వొచ్చి, ఎండెక్కీదాకా ఉండి, నాలుగు పడవలు వొదిలీసి, ఏడుసుకుంటూ ఎల్లిపోనాది. రాహు కాడ అని సెప్పాను గదా!"

"రాహుకాలం మంగళవారం మూడింటికి కదండీ."

ఆవిడ దుప్పటి మంచం మీద పడేసింది. "రాహుకాలమేటి? నేను కాలమన్నానా? కాడ అన్నాను. కాడ! రాహు కాడ!"

అప్పుడు చెప్పింది. సూలే ఫయా చుట్టూ ఎనిమిది మూలలు ఉంటాయట. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో మూల. ఎవరు పుట్టిన రోజు మూల దగ్గర వాళ్ళు నీళ్ళు పోసి, పూలు పెట్టుకుంటారు.

"వారానికి ఏడు రోజులే కదా," అన్నాను.

"ఇక్కడ ఎనిమిది. బుధారం పొద్దున్న ఒకటి, బుధారం మజ్జాన్నం ఒకటి. మజ్జాన్నందాన్నే ఇక్కడ రాహు అంటారు. ఆ రాహు మూల కాడ అది నిల్సుంటే, తమరు గుమ్మం కాడ కూకుని ఆడోల్ల మొహాలు సూసినారు." కోపంగానే మొదలుపెట్టింది గాని, మధ్యలో నవ్వాపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పక్క గదిలో జపాను కుర్రాడు, చెక్క తట్టారనుకున్నాడు కాబోలు, దీపం వేశాడు.

"గురువారం పొద్దున్నే నా విమానం," అన్నాను.

"తెలుసు. పాస్‌పోర్టు నా కాడే ఉన్నాది. సాయంత్రం పడవకే మల్లీ కబురెట్టాను." దుప్పటి పరుస్తూ మళ్ళీ అంది. "ఈ లాడ్జీలో తమరంత శుబ్బరంగా ఇంతకుముందు ఎవులూ ఉండనేదు. నాలుగు రోజుల్లో ఇది మూడో దుప్పటి. కింద ఆయన అడిగితే మీకు వొళ్ళంతా చీదర అని సెప్పాను."

బుధవారం పొద్దున్న ఎనిమిదింటికి ఉతికే ఆవిడ వచ్చింది. కౌంటరు ఆవిడ నా వైపు తిరిగి, "రాహుకి వత్తాదట," అంది.

ఈసారి నాకు అనుమానం రాలేదు. రాహు అంటే మూల. వెంటనే బయల్దేరాను. "బావూ, ఇప్పుడే ఏటికీ..." అని ఆవిడ వెనకనుంచి అంటూనే ఉంది గాని, బెత్తు కుర్చీలో ఆయన పేపరు మీద నుంచి చూడడంతో, వినపడనట్టు మెట్లు దిగేశాను.

పగోడాలో కాస్త ఇంగ్లీషు వచ్చిన ముసలాయన్ని, బుధవారం మూల ఏదని అడిగాను. మధ్యాహ్నం సంగతి చెప్పాలని నాకు తోచలేదు. ఆయన చెయ్యి పట్టుకుని తీసికెళ్ళి ఒక చిన్న బుద్ధ విగ్రహం ముందు నిలబెట్టాడు. దాని కింద రాతి ఏనుగు, దానికి రెండు దంతాలు. నేను స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. జనం వస్తున్నారు, చిన్న గ్లాసులతో విగ్రహం నెత్తిన నీళ్ళు పోస్తున్నారు, దణ్ణం పెట్టి వెళ్తున్నారు. పాలరాయి వేడెక్కుతోంది. తొమ్మిది, పది, పదకొండు. ఇవాళా రాకపోతే ఇంకే దారీ లేదు. ఇంత చిన్న ప్రశ్న ఒకటి అడగడానికి సముద్రం దాటి వచ్చి, అడగకుండానే తిరిగి వెళ్ళి, ఫోర్‌మన్‌కి ఏం చెప్పాలో ఆలోచించుకుంటూ కూర్చున్నాను. వాళ్ళ అమ్మ రోజు నా మూలంగా పోయినట్టే అనిపించింది.

పన్నెండు దాటాక, పక్కన పూలమ్మే ఆవిడ నన్ను జాలిగా చూసి ఏదో అడిగింది. నేను "రాహు" అన్నాను. ఆవిడ దంతాల ఏనుగు చూపించి కాదన్నట్టు చెయ్యి ఊపింది. సూర్యుణ్ణి చూపించి, అది నెత్తి మీద నుంచి దిగుతున్నట్టు సైగ చేసింది. తన నోటి పక్కన రెండు వేళ్ళు దంతాల్లా పెట్టి, వాటిని తీసేసింది. పగోడా అవతలి వైపు చూపించింది.

చుట్టూ తిరిగి వెళ్ళాను. అక్కడ ఇంకో విగ్రహం, దాని కింద ఇంకో ఏనుగు. దానికి దంతాలు లేవు. ఒక పొట్టి మనిషి, ఆకుపచ్చ లుంగీ, గ్లాసుతో నీళ్ళు పోస్తోంది. నేను ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే తల తిప్పి చూసింది. ఆ నుదురు చూశాక అడగవలసిన పని లేకపోయింది.

"నిన్న రానేదేటి బావూ?"

తప్పు నాదేనన్నాను. ఆవిడ అది పట్టించుకోలేదు.

"అన్న ఎలగున్నాడు? జుత్తున్నాదా?"

"లేదు."

"నాన్నకీ ఉండీది కాదు," అని సంతోషపడింది. "పిల్లలు? ఒదిన? ఆ ముక్కోపం తగ్గినాదా?"

ఎవరి ముక్కోపమో తెలియలేదు. తగ్గిందన్నాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, చేతులు లుంగీకి తుడుచుకుని, పరీక్ష ఫలితం వినబోయే పిల్లలా నిలబడింది.

"సెప్పండి బావూ. ఏ రోజట?"

"ఏది?"

"అమ్మ పోయిన రోజు. తిథి తెచ్చారని గదా కబురు."

"నేను తేలేదమ్మా. మిమ్మల్ని అడగడానికి వచ్చాను. మీ అన్నగారికి తెలియదు."

"ఆడికి తెల్దా? పంచాంగాలన్నీ అక్కడే ఉన్నాయి, పంతుళ్ళందరూ అక్కడే ఉన్నారు. నేను ఓడలో ఎల్లిన మనిషితోటి నెల సెప్పాను, వారం సెప్పాను. అన్న లెక్క కట్టించుంటాడు, ఎప్పుడో ఒకప్పుడు ఆడే సెప్పి పంపుతాడని ఇన్నేళ్ళూ సూస్తన్నాను."

ఆ మనిషి మర్చిపోయాడని చెప్పాను. ఉత్తరాలు కూడా రాశాడని చెప్పాను. ఒక్కటీ అందలేదంది. ఇద్దరం ఆ దంతాల్లేని ఏనుగు పక్కన మెట్టు మీద కూర్చున్నాం.

తల్లి పోయినప్పుడు ఈవిడ చలిజ్వరంతో ఆసుపత్రిలో ఉందట. మొగుడు అప్పటికే లేడు. ఇరుగుపొరుగు బర్మా వాళ్ళే ముసలమ్మని దహనానికి తీసికెళ్ళారు. ఈవిడకి తెలివి వచ్చి ఇంటికి చేరేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. ఎప్పుడు పోయిందని అడిగితే, వాగౌంగ్ నెలలో, రాహు నాడు అన్నారు. అంటే మన శ్రావణం అటూ ఇటూగా, ఒక బుధవారం మధ్యాహ్నం. ఏ బుధవారమో అడిగేలోపు వాళ్ళు ఆ ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయారు.

"ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళలో మూడు రాహులు ఎల్లినాయి. ఆ మూడిట్లో ఏదో ఒకటి," అంది.

నాకు కాస్త ప్రాణం లేచివచ్చింది. ఏడాది ఏదో ఆవిడకి తెలుసు. పాత పంచాంగం తీయిస్తే మూడు తిథులు వస్తాయి. "పంతులుగారిని అడిగితే ఆ మూడింట్లో ఒకటి ఖాయం చేసి చెప్తారు," అన్నాను.

"ఒకటి సెప్పీసి రొండు తీసీమంటాడు. ఆ తీసీసిన రొండిట్లో ఉంటే?"

నేను రాసుకుందామని తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టేశాను.

"అందుకే, ఏ రాహో తెలవక, అన్ని రాహులూ సేస్తన్నాను," అంది ఆవిడ. "వారం వారం. బుధారం మజ్జాన్నం పడవెక్కి వొచ్చీసి, ఈ నీల్లు పోసీసి, ఇన్ని పూలెట్టీసి ఎల్లిపోతాను. నిన్న మీకోసం మంగలారం వొచ్చాను గానీ, ఇయ్యాల నా రోజే. రాహుకి వత్తానని అందుకే సెప్పాను. వాన పడినా మాననేదు. జ్వరమొచ్చిన రొండు సార్లు మానీసాను. ఆ రొండూ తప్ప." ఆ రెండూ ఇంకా ఆవిడని బాధపెడుతున్నట్టే ఉంది. "అన్న ఏటి సేస్తన్నాడు మరి?" అని అడిగింది.

మహాలయ అమావాస్య నాడు పెడుతున్నాడని చెప్పాను. ఆ మాట ఆవిడకి తెలుసు.

"అందరితోటి కలిపా?"

"అందరితో కలిపి."

ఆవిడ తల వంచుకుంది. ఈ మాట చెప్పకపోతే బాగుండేదనుకున్నాను. తరవాత, లెక్క ఒప్పచెబుతున్నట్టుగా నా వైపు తిరిగింది.

"మాననివ్వకండి. ఆడు సంవత్సరానికి ఒకటి, నేను వారానికి ఒకటి. ఇద్దరిదీ కలిపితే ఏదో ఒకటి అమ్మకి తగుల్తాది గదా?"

తగులుతుందన్నాను. మూడింటి పడవకి వెళ్ళాలంటూ లేచింది. నాతో కలిసి నడవకూడదని ముందే చెప్పి, తూర్పు ద్వారం గుండా వెళ్ళిపోయింది. నేను పావుగంట ఆగి ఇంకో ద్వారం గుండా బయటికి వచ్చాను. చెప్పులు తూర్పు వైపే విడిచిన సంగతి రోడ్డు మీద కాళ్ళు కాలాక గుర్తొచ్చింది.

బాంకాక్ పని ముగించుకుని విశాఖపట్నం చేరేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది. ఫోర్‌మన్ అచ్చక్షరాల కేసుల ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, అందులో సగం పేర్చిన పంక్తి. నన్ను చూసి చెయ్యి ఆపాడు గాని స్టిక్కు కింద పెట్టలేదు.

"కనబడినాదా?"

"కనపడింది. కులాసాగా ఉంది."

"తిథి?"

"బుధవారం," అన్నాను. "మధ్యాహ్నం."

"అది వారం గదా బాబూ. ఏ బుధారం?"

దారి పొడుగునా ఎన్ని రకాలుగా చెప్పాలనుకున్నానో అన్నీ పోయాయి. "అన్నీ," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు, నేను వేళాకోళం ఆడుతున్నానేమోనని. అప్పుడు మొదటి నుంచి చెప్పాను. ఆసుపత్రి, మూడు బుధవారాలు, పడవ, నీళ్ళు, జ్వరంతో తప్పిన రెండు వారాలు. పంతులుగారి మాట ఎత్తితే ఆవిడ ఏమందో కూడా చెప్పాను. మాననివ్వకండి అన్న మాట చివర్న చెప్పాను. ఆయన స్టిక్కులోని అక్షరాలు బొటనవేలితో అదిమి పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"అది సిన్నప్పట్నించీ అంతే," అన్నాడు చివరికి. "ఒకటి తెమ్మంటే బుట్టెడు తెస్తాది."

ఆ బుట్టెడూ పుచ్చుకున్నాడో లేదో ఆయన మొహం చూసి నాకు తెలియలేదు. పంక్తి పూర్తి చేసి, గాలీ పళ్ళెంలోకి దించి, చేతులు తుడుచుకున్నాడు.

"బుధారం మజ్జాన్నం మనకి ఆదివారం అనుబంధం కట్టే పని ఉంటాది గదా. మీ పేజీలు పన్నెండు లోపే కిందికి దించెయ్యగలరా బాబూ? ఒక్క అరగంట నాకు కావాలి."

దించేస్తానన్నాను. ఆయన ఉద్యోగం నుంచి దిగిపోయేదాకా బుధవారాలు నా పేజీలు పన్నెండు లోపే కిందికి వెళ్ళేవి. ఆ అరగంటలో ఆయన ఎక్కడికి వెళ్ళేవాడో నేను అడగలేదు. మహాలయ అమావాస్యకి సెలవు పెట్టడం మాత్రం ఆయన మానలేదు.